కంపెనీ మునిగితే ట్రస్టులో ఉన్న పీఎఫ్ కూడా మునుగుతుందా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పటాన్‌చెరు దగ్గర ఒక పెద్ద ఫ్యాక్టరీలో 2004 నుంచి చేస్తున్నాను. బేసిక్, డీఏ కలిపి 60 వేలు. మా పీఎఫ్‌ను కంపెనీ సొంత ట్రస్టే చూస్తుంది, అందులో 31 లక్షలున్నాయి. నెలకు 12 వేలు వీపీఎఫ్ (నా ఇష్టంతో అదనంగా కట్టే పీఎఫ్) కూడా కడుతున్నాను. కంపెనీ రెండేళ్లుగా నష్టాల్లో ఉంది. మూతపడితే ట్రస్టు డబ్బూ పోతుందని, ఇప్పుడే రాజీనామా చేసి తీసేసుకోమని తోటివాళ్లు టెన్షన్ పెడుతున్నారు. ఏం చేయమంటారు?

ముందు ఆ రాజీనామా మాట పక్కన పెట్టండి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉంటుంది. వేరే ఉద్యోగం దొరికితే వెళ్లండి, పీఎఫ్‌ను అక్కడికి ట్రాన్స్‌ఫర్ చేసుకోండి, అది వేరే సంగతి.

మీ తోటివాళ్లు రెండు విషయాలు కలిపేస్తున్నారు. ట్రస్టులో ఉన్నది కంపెనీ డబ్బు కాదు. 1952 నాటి పీఎఫ్ చట్టంలో 17వ సెక్షన్ కింద, పీఎఫ్‌ను కేంద్ర ప్రభుత్వ పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓకి కట్టకుండా మినహాయింపు తీసుకుని మీ కంపెనీ ఈ ట్రస్టు నడుపుతోంది. కంపెనీ దివాలా తీస్తే బ్యాంకులు షెడ్డు, మెషిన్లు, స్థలం అమ్ముకోవచ్చు కానీ దీన్ని ముట్టుకోలేవు. పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ ఫండ్ల నుంచి ఉద్యోగులకు రావాల్సింది లిక్విడేషన్ ఆస్తుల్లోకి (అంటే కంపెనీని మూసేసి అప్పులు తీర్చడానికి అమ్మే వాటిలోకి) రాదని దివాలా చట్టం 36వ సెక్షన్‌లోనే ఉంది. మూతపడిన విమాన సంస్థ జెట్ ఎయిర్‌వేస్ కేసులో పీఎఫ్, గ్రాట్యుటీ బకాయిలు పూర్తిగా కట్టాల్సిందేనని 2022లో అప్పిలేట్ ట్రిబ్యునల్ చెప్పింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు అందులో వేలు పెట్టలేదు. కాకపోతే 2024 నవంబరులో ఆ సంస్థనే లిక్విడేషన్‌కు పంపేశారు. తీర్పు రావడం ఒకటి, డబ్బు చేతికి రావడం ఇంకొకటి.

అసలు గుబులు పడాల్సింది ట్రస్టు ఆ డబ్బును ఎక్కడ పెట్టిందన్న దాని గురించి. ట్రస్టులు కొంత ప్రభుత్వ బాండ్లలో, కొంత కంపెనీల బాండ్లలో పెడతాయి. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే ఫైనాన్స్ సంస్థ బాండ్లు ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికంటే మంచి రేటింగు నుంచి కొద్ది వారాల్లోనే డీకి, అంటే ఎగవేత స్థాయికి పడిపోయాయి. ఆ రేటింగు చూసి నమ్మి కొన్న పీఎఫ్ ట్రస్టులు ఎన్నో ఇరుక్కున్నాయి. మరుసటి ఏడాది ఉత్తరప్రదేశ్ విద్యుత్ ఉద్యోగుల పీఎఫ్ 2 వేల కోట్లకు పైగా డీహెచ్‌ఎఫ్‌ఎల్ అనే ఇళ్ల రుణాల కంపెనీలో చిక్కుకుంటే వాళ్లు రోడ్డెక్కారు. ఇలాంటి నష్టం వచ్చినా, ఈపీఎఫ్‌ఓ ఇచ్చే వడ్డీ కంటే (2024-25కి 8.25 శాతం) ట్రస్టు తక్కువ సంపాదించినా తేడా కంపెనీయే తన జేబులోంచి పూడ్చాలని రూలు. మంచిదే, కానీ గ్యారంటీ ఇచ్చేది మళ్లీ అదే కంపెనీ కదా. కంపెనీ బాగున్నన్నాళ్లూ ఆ గ్యారంటీతో పెద్దగా పని పడదు, తీరా పని పడేసరికి దాని దగ్గర డబ్బుండదు.

మీకు పనికొచ్చే రూలు ఇంకొకటి ఉంది. వరసగా మూడేళ్లు నష్టాలొస్తే ట్రస్టు మినహాయింపు రద్దు చేసి ఫండును ఈపీఎఫ్‌ఓకి అప్పజెప్పాలి. మీకు ఇప్పటికే రెండేళ్లయ్యాయి. అలా జరిగితే మీ డబ్బుకు నిజానికి మేలే, హెచ్‌ఆర్‌లో ఎవరైనా దాన్ని చెడ్డ వార్తలా చెబితే కంగారు పడకండి.

ఈలోగా ఏడాదికోసారి ట్రస్టు ఇచ్చే స్టేట్‌మెంటు తీసి పే స్లిప్పులు పక్కన పెట్టుకోండి. ట్రస్టు బ్యాలెన్సు ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లోని పీఎఫ్ పాస్‌బుక్‌లో కనిపించదు కాబట్టి మీకున్న ఆధారం ఈ కాగితమే. మీ జీతం ఏడాదంతా మారలేదనుకుంటే మీ 12 శాతం వాటా 86,400, వీపీఎఫ్ 1,44,000 ఉండాలి. కంపెనీ కాలమ్‌లో మాత్రం 71,400 ఉంటుంది. అది తప్పు కాదు, నెలకు 1,250 పెన్షన్ స్కీముకు పోతుంది. ట్రస్టు బోర్డులో సగం మంది ఉద్యోగుల ప్రతినిధులే ఉంటారు. మీ షాపు ఫ్లోర్ నుంచి ఎవరున్నారో కనుక్కుని టీ తాగే టైములో పట్టుకుని "ఏ బాండ్లున్నాయి, వడ్డీ రానివి ఏమైనా ఉన్నాయా" అని అడగండి. జవాబు నసిగితే ఆడిట్ రిపోర్టు కావాలని నలుగురూ సంతకాలు పెట్టి రాతపూర్వకంగా అడగండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా మేనమామ. ఆయన పనిచేసిన మిల్లులో జీతంలోంచి పీఎఫ్ కోసేవాళ్లు, స్లిప్పులో అంకె పడేది, డబ్బు మాత్రం పద్నాలుగు నెలలు జమ కాలేదు. కూతురి పెళ్లికి అడ్వాన్సుకు అప్లై చేసినప్పుడు గానీ ఆ సంగతి బయటపడలేదు.

పెన్షన్ ఈపీఎఫ్‌ఓ దగ్గరే ఉంది, దానికి కంపెనీ నష్టాలతో సంబంధం లేదు. కానీ దాని మీద ఆశలు పెట్టుకోకండి. పెన్షన్ లెక్కకు తీసుకునే జీతానికి ఇప్పుడున్న 15 వేల పరిమితి ఇలాగే ఉంటే 58 ఏళ్లకు మీకు నెలకు వచ్చేది 6 వేల చుట్టుపక్కలే, 60 వేల జీతం మీద.

నాకు ఎక్కువ అనుమానం గ్రాట్యుటీ మీద. ఇప్పటి లెక్కలో మీకు 7 లక్షల 27 వేలు దాకా రావాలి. దాన్ని ఎల్‌ఐసీ లాంటి చోట గ్రూప్ గ్రాట్యుటీ ఫండులో విడిగా కట్టారా, లేక ఖాతా పుస్తకాల్లో అంకెగా మాత్రమే ఉందా? చాలా కంపెనీల్లో రెండోదే. ఆ ప్రశ్న కూడా హెచ్‌ఆర్‌ను మెయిల్‌లోనే అడగండి, నోటి మాటగా వద్దు.

వీపీఎఫ్ ఆపేయండి. ఆ 12 వేలు పీపీఎఫ్‌లో (బ్యాంకులో, పోస్టాఫీసులో ఎవరైనా తెరుచుకునే ప్రభుత్వ పొదుపు ఖాతా) వేసుకుంటే ఏడాదికి 1,44,000 అవుతుంది, లక్షన్నర పరిమితిలో సరిపోతుంది. వడ్డీ 7.1 శాతమే, ఒక శాతం పైగా పోతుంది, నిజమే. కానీ మీ జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ ఒకే గేటు వెనక ఉన్నప్పుడు నేనైతే ఆ ఒక శాతం వదులుకుంటాను. చాలా కంపెనీలు వీపీఎఫ్ మార్చుకోవడానికి ఏప్రిల్‌లోనే ఒప్పుకుంటాయి, ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

అలాగే 2004లో చేరినప్పుడు నామినీగా ఎవరి పేరు రాశారో చూడండి. పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్లితోనే చెల్లకుండా పోతుంది. కొత్త ఫారం ట్రస్టు ఆఫీసులో ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి.