మాదలెన్‌కి మూపురం రావాలంటే

ఫ్రాన్సు వాళ్లు సాయంత్రం టీతో తినే మాదలెన్ లాంటి చిన్న కేకుల గురించి పోయిన నెల ఇక్కడ నాలుగు మాటలు రాశాను. మా ఆయన ఉద్యోగం పేరుతో లొరేన్ ప్రాంతంలోని నాన్సీ ఊళ్లో తొమ్మిదేళ్లు కాపురం చేశాం. విశాఖ తిరిగొచ్చి ఇన్నాళ్లయినా డిసెంబరు వచ్చిందంటే నా చేతులు ఊరుకోవు. ఆ సంగతి చెప్పుకున్నందుకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఒకే సందేహం నలుగురైదుగురు అడిగిన చోట ఒక ఉత్తరమే తీసుకున్నాను. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

మేడం, మీరు రాసిన కొలతలతోనే మాదలెన్లు చేశాను. రుచి బాగుంది గానీ మధ్యలో బుడిపెలా లేస్తుందన్నారు, అది రాలేదు. బిళ్లల్లా పడుకున్నాయి. బేకింగ్ పౌడర్ ఇంకో చెంచా వేయనా? – ఒక పాఠకురాలు, విజయవాడ

వేయకండి, నాలుక మీద చేదు తగులుతుంది. మొదటి ఏడాది నేనూ ఆ పనే చేశాను. నాన్సీలో మా ఎదురు ఫ్లాట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. నేను ‘మదామ్’ అనే పిలిచేదాన్ని. మొదటిసారి చేసిన మాదలెన్లు పళ్లెంలో పెట్టి ఆవిడకి తీసుకెళ్తే ఒకటి తీసుకుని తిరగేసి, మరగేసి చూసి, ‘దీని మూపురం ఏదమ్మాయ్?’ అన్నారు. ఆ బుడిపెని వాళ్లు అక్షరాలా మూపురం అనే అంటారు. నాకు మన ఒంగోలు గిత్త గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆవిడకి కోపం వచ్చింది.

ఆ సాయంత్రమే మా వంటింట్లోకి వచ్చి పిండి కలిపించారు. కలిపిన గిన్నె మీద మూత పెట్టి బాల్కనీలో వదిలేయమన్నారు. డిసెంబరులో అక్కడ బాల్కనీయే ఫ్రిజ్. పొద్దున్న చూస్తే పిండి గట్టిపడి గరిటె నిలబడేలా ఉంది. అప్పుడు కాల్పించారు. మూపురం వచ్చింది.

కిటుకంతా చల్లదనానికీ వేడికీ మధ్య తేడాలో ఉంది. గడ్డకట్టినంత చల్లని పిండికి ఒక్కసారిగా మంచి వేడి తగిలితే అంచులు వెంటనే గట్టిపడతాయి. మధ్యలో పిండి ఇంకా జారుగానే ఉంటుంది. లోపల పుట్టిన ఆవిరికీ గ్యాసుకీ పక్కలకి దారి లేక నడుమ నుంచే పైకి తన్నుకొస్తాయి. మీరు బహుశా కలిపిన వెంటనే కాల్చి ఉంటారు, లేదా ఓవెన్ సరిగా వేడెక్కకముందే పెట్టి ఉంటారు. రెండూ జరిగి ఉంటే బిళ్లలే వస్తాయి.

కొలతలు మళ్లీ చెప్తాను. గుడ్లు రెండు, పంచదార 100 గ్రాములు, మైదా 100, వెన్న 100, బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా, అదీ గోపురం కట్టకుండా. ఒక నిమ్మకాయ పైతొక్క తురుము. క్రిస్మస్‌కి నేను నిమ్మకి బదులు కమలా తొక్క తురుముతాను. గుడ్లు, పంచదార తెల్లగా నురగ వచ్చేదాకా గిలకొట్టి, మైదా, పౌడర్ జల్లించి కలిపి, కరిగించి గోరువెచ్చగా ఆరిన వెన్న ఆఖర్న పోయాలి. ఉప్పు వేసిన వెన్న అయితే ఇంక ఉప్పు జోలికి పోకండి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. అచ్చులకి వెన్న రాసి, మైదా చల్లి, దులిపి, వాటిని కూడా పావుగంట ఫ్రీజర్‌లో పెట్టండి. ఓవెన్ (ఓటీజీ) 220 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఖాళీగా వేడెక్కాలి. పిండి బయటికి తీశాక మళ్లీ కలపకూడదు. చెంచాతో తీసి అచ్చులో ముప్పాతిక వంతు వేసి లోపలికి తోసేయడమే. 220లో నాలుగైదు నిమిషాలు, మూపురం లేవగానే 180కి తగ్గించి ఇంకో ఐదారు నిమిషాలు. మధ్యలో తలుపు తీసి చూడాలని చెయ్యి లాగుతుంది. ఆపుకోండి.

పిన్నిగారూ, శంఖం ఆకారం అచ్చులు మా ఊళ్లో దొరకవు. గుంత పొంగనాల పెనం వాడొచ్చా? – ఒక పాఠకురాలు, నంద్యాల

శంఖం కాదమ్మా, గీతలున్న ఆల్చిప్ప. మీ పెనానికి ప్లాస్టిక్ పిడి లేకపోతే, ఓవెన్‌లో పడితే వాడుకోండి. ఇనుము మందం కాబట్టి రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. చిన్న కప్ కేకుల ట్రే ఉంటే అదే నయం. రుచిలో తేడా రాదు.

ఆకారం గురించి పట్టింపు మాత్రం కొమెర్సీ వాళ్లకుంది. నాన్సీకి యాభై కిలోమీటర్లలో ఉన్న ఈ చిన్న ఊరే మాదలెన్‌కి పుట్టిల్లు. 1755లో స్తానిస్లాస్ అనే రాజుగారి విందు మధ్యలో వంటవాడు అలిగి వెళ్లిపోతే, మాదలెన్ అనే పనమ్మాయి వాళ్ల అమ్మమ్మ చేసే కేకు చేసి పరువు కాపాడిందని కథ. కథ ఎంత నిజమో గానీ స్తానిస్లాస్ నిజం. పోలండు సింహాసనం పోగొట్టుకుని వచ్చి లొరేన్‌ని ఏలినవాడు, పదిహేనో లూయీకి మామగారు. తరవాత పారిస్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కి రైలు పడ్డాక, కొమెర్సీ స్టేషన్లో ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని, కోలగా ఉండే చెక్క పెట్టెల్లో మాదలెన్లు పెట్టి, కేకలేస్తూ అమ్మేవారు. రాజమండ్రి స్టేషన్లో పూతరేకులు గుర్తొచ్చాయా? నాకూ అంతే.

ఆంటీ, క్రిస్మస్‌కి కస్టర్డ్ చేస్తే పచ్చసొనలు వాడేసి తెల్లసొనలు మిగులుతాయి. ప్రతిసారీ ఆమ్లెట్టే. ఇంకేమైనా ఉందా? – ఒక పాఠకురాలు, గుంటూరు

ఉంది, నాకు మాదలెన్ కంటే అదే ఇష్టం. పేరు ఫినాన్సియే. నాలుగు తెల్లసొనలు, బాదం పొడి 50 గ్రాములు, మైదా 50, పంచదార పొడి 130, వెన్న 100. తెల్లసొనని నురగ రానివ్వనక్కర్లేదు, ఊరికే కలిపితే చాలు.

అసలు పని వెన్న దగ్గర. మనం నెయ్యి కాచినట్టే కాచాలి గానీ వడకట్టకూడదు. చిటపటలు తగ్గి, నురగ లేచి, అడుగున గసి ఎర్రబడి, వేయించిన గింజల వాసన వచ్చిన క్షణాన వేరే గిన్నెలోకి వంపేయాలి. అదే గిన్నెలో వదిలేస్తే ఆ వేడికి మాడిపోతుంది. మా చిన్నప్పుడు అమ్మ నెయ్యి వంపేశాక గసిలో పంచదార కలిపి పిల్లలకి పెట్టేది. ఫినాన్సియే కొరికినప్పుడు నాకు తగిలేది ఆ రుచే. ఆ గసిని కూడా గీకి పిండిలో వేసేయండి. అలవాటు కొద్దీ మునగాకు మాత్రం వేయకండి. ఒకసారి నా చెయ్యి దాదాపు వెళ్లింది.

ఆరిన వెన్న కలిపాక గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, చిన్న అచ్చుల్లో 190 దగ్గర పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. పండగకి పైన ఒక చెర్రీ ముక్క అద్దండి. బాదం ఖరీదు భయపెడితే సగానికి పలాస జీడిపప్పు పొడి చేసి వాడండి. నేను వాడతాను. కాస్త మెత్తగా, నూనెగా వస్తుంది, బాగానే ఉంటుంది.

పేరుకి కారణం అడుగుతారేమో. ఫినాన్సియే అంటే డబ్బు వ్యాపారం చేసేవాడు. పారిస్‌లో స్టాక్ ఎక్స్ఛేంజి దగ్గర లాన్ అనే ఆయన దుకాణం ఉండేదట. 1890 ప్రాంతంలో, వేళ్లకి జిడ్డంటకుండా తిని పోయేలా, బంగారు కడ్డీ ఆకారంలో డబ్బున్నవాళ్ల కోసం చేశాడంటారు. అంతకు చాలా ముందే మా నాన్సీ కాన్వెంటు సిస్టర్లు ఇలాంటివి చేసేవారని మదామ్ వాదన. ‘మా’ నాన్సీ అనేశాను చూడండి.

మా అత్తగారు గుడ్డు ముట్టరు. మా ఇంట్లో టీకి వచ్చేవాళ్లలో సగం మంది అంతే. మీ కేకుల్లో ఒక్కటైనా మాకు పనికొస్తుందా? – ఒక పాఠకురాలు, తిరుపతి

గుడ్డు లేకుండా మాదలెన్, ఫినాన్సియే చేయొచ్చని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. పెరుగు వేసి ఏదో చేయొచ్చు, అది ఇంకేదో అవుతుంది. మీకు సరిపోయేది పాన్ దెపీస్. మాటకి అర్థం మసాలా రొట్టె. తేనె, పిండి, సుగంధ ద్రవ్యాలు. నేను నేర్చుకున్న పద్ధతిలో గుడ్డు లేదు, వెన్న కూడా లేదు.

పైగా అసలైన పండగ వంట ఇదే. లొరేన్‌లో డిసెంబరు 6న సెయింట్ నికొలా పండగ. ఆయన వాళ్ల ప్రాంతానికి కాపు దేవుడిలాంటి వాడు. గాడిదనెక్కి వస్తాడని పిల్లలు ముందు రాత్రి గాడిద కోసం క్యారెట్ పెట్టి పడుకుంటారు. తెల్లారేసరికి చిన్న కమలాలు, చాక్లెట్లు, ఆయన బొమ్మ ఆకారంలో పాన్ దెపీస్ ఉంటాయి. అల్లరి పిల్లల కోసం ఆయన వెంట కొరడా పట్టుకున్న ఒకడు కూడా వస్తాడు. మా అబ్బాయి మూడేళ్లు వాడికి భయపడి నవంబరు నెలంతా బుద్ధిగా ఉండేవాడు.

తేనె 250 గ్రాములు, పాలు 150 మిల్లీలీటర్లు కలిపి గోరువెచ్చన చేయండి, మరిగించొద్దు. గోధుమపిండి 150, రై పిండి 100, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, వంటసోడా అర చెంచా. మసాలాలన్నీ కలిపి రెండు చిన్న చెంచాలు: దాల్చినచెక్క ఎక్కువ, శొంఠి దానికి సగం, అనాసపువ్వు, జాజికాయ, లవంగం తలా చిటికెడు. యాలకులు వేయకండి, వేశారంటే పరమాన్నం వాసన వస్తుంది. పొడవాటి బ్రెడ్ టిన్నులో కాగితం పరిచి, 160 దగ్గర యాభై నిమిషాల నుంచి గంట. ఆరాక కాగితంలో చుట్టి రెండు రోజులు మరిచిపోండి. చేసిన రోజు తింటే గట్టిగా, ఘాటుగా ఉండి ‘ఇదేం కేకు’ అనిపిస్తుంది. మూడో రోజుకి తేనె పాకి మెత్తబడుతుంది. మీ అత్తగారికి మూడో రోజే పెట్టండి.

మేడం, పాన్ దెపీస్‌కి రై పిండి కావాలని ఎక్కడో చదివి కిరాణా కొట్లో అడిగితే ఆవపిండి కట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి విప్పాక తెలిసింది. – ఒక పాఠకుడు, హైదరాబాద్

కొట్టువాడి తప్పేం లేదు, హిందీలో రాయీ అంటే ఆవాలే. మీరు అడిగింది గోధుమ జాతికి దగ్గరి వేరే ధాన్యం, చలి దేశాల్లో పండేది. రాగులూ కావు. పెద్ద సూపర్ మార్కెట్లలోనో ఆన్‌లైన్‌లోనో దొరుకుతుంది. దొరక్కపోతే మొత్తం గోధుమపిండితో చేసుకోండి. రీమ్స్ ఊళ్లో రైతో చేస్తే, దిజోన్‌లో గోధుమతోనే చేస్తారు కాబట్టి మీకు దిజోన్ వాళ్ల అండ ఉంది. ఆ ఆవపిండితో ఈలోపు కొబ్బరి మామిడికాయ పచ్చడి చేసుకోండి.

మాది యానాం. మా తాతగారు పాండిచ్చేరిలో చదువుకున్నారు. పండక్కి ‘కత్‌కార్’ అనే కేకు తిన్నామని చెప్పేవారు. అదేమిటి? మా ఇంట్లో ఓవెన్ లేదు, కుక్కరే. – ఒక పాఠకురాలు, యానాం

మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరు నుంచి ఈ మాట వినడం ఎంత బాగుందో. కత్‌కార్ అంటే నాలుగు పావులు. గుడ్లు, పంచదార, మైదా, వెన్న నాలుగూ సమాన బరువు. ఫ్రాన్సులో బ్రెతాన్ ప్రాంతం వాళ్ల ఇంటి కేకు. మూడు గుడ్లు పెంకుతో తూచి, అది 160 గ్రాములుంటే మిగతా మూడూ 160. పాతకాలంలో తెల్లసొన విడిగా గిలకొట్టి పొంగించేవారు. మీరు అలా చేసి, ధైర్యానికి అర చెంచా బేకింగ్ పౌడర్ వేయండి.

కుక్కర్లో మాదలెన్‌కి మూపురం రాదు, అంత వేడి ఒక్కసారిగా అందదు. కత్‌కార్ మాత్రం చక్కగా వస్తుంది. విజిలూ గాస్కెట్టూ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడెక్కాక గిన్నె దించి సన్నసెగ మీద ముప్పావు గంట. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. పైన రంగు రాదు. తిరగేసి ఎర్రబడ్డ అడుగు పైకి ఉండేలా పళ్లెంలో పెట్టేయండి.

బెంగళూరు హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి పార్శిల్ పంపాలి. వీటిలో ఏది నిలుస్తుంది? – ఒక పాఠకురాలు, కర్నూలు

మాదలెన్ పంపకండి, మర్నాటికే ఎండిపోతుంది. ఫినాన్సియేలు మూడు నాలుగు రోజులు ఆగుతాయి. కానీ పైన కరకరలాడే అంచు మొదటి రోజే పోతుంది. పాన్ దెపీస్ పంపండి, ముక్కలు కోయకుండా, కాగితంలో చుట్టి, దాని మీద రేకు కాగితం చుట్టి, స్టీలు డబ్బాలో. పూర్తిగా ఆరాకే మూత పెట్టాలి, లేకపోతే చెమ్మకి బూజు పడుతుంది. డబ్బాలో ఒక చాకు కూడా పెట్టండి. హాస్టల్లో ఉండదు.