ఆ ప్రశ్న ముందే అడుగు

చిరంజీవి అమ్మలూ,

ఆర్థిక సలహాదారుగా ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా క్లయింటు ఎదురుగా కూర్చుంటే గొంతు తడారిపోతోందని రాశావు. అది తగ్గిపోతుంది, దిగులు పడకు. నేను ఆగిపోయింది నీ ఉత్తరంలో ఇంకో మాట దగ్గర. "పెద్దమ్మా, పొదుపు గురించి ఎంతసేపైనా మాట్లాడగలను. 'మీ తరవాత ఈ డబ్బు ఎవరికి?' అని మాత్రం నోరు తెరిచి అడగలేకపోతున్నాను, అశుభం పలికినట్టుంటుంది" అన్నావు. 31 ఏళ్లు ఈ పని చేసి విరమించుకున్నదాన్ని. నాలో మిగిలిపోయిన బాధ కూడా ఆ ప్రశ్న దగ్గరే ఉంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఒకాయన ఎనిమిదేళ్లు నా దగ్గరికి వచ్చారు. ఏటా ఆయన పెట్టుబడుల లెక్క చూపించేదాన్ని. శ్రద్ధగా విని, పెన్సిలుతో పక్కన టిక్కులు పెట్టుకునేవారు. ఒకరోజు ఆయన భార్య ఒక్కరే వచ్చారు, చేతిలో ఒక కవరుతో. లోపలి కాగితాలకు చుట్టిన రబ్బరు బ్యాండు ఎండిపోయి, ఆవిడ చెయ్యి తగలగానే ముక్కలై బల్ల మీద రాలింది. ఆ ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి గుప్పిట్లో పెట్టుకున్నారు. మాట్లాడినంతసేపూ గుప్పిట విప్పలేదు. ఆయన ఫోను ఎలా తెరవాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండు ఖాతాలు పాత చిరునామాతోనే ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద పాలసీలో నామినీ ఆయన తల్లి. పెళ్లికి ముందు రాసిన పేరు అలాగే ఉండిపోయింది, ఆ తల్లి పోయి అప్పటికి పదకొండేళ్లు. వీలునామా లేదు.

"మీకు అన్నీ తెలుసని చెప్పేవారండీ" అన్నారావిడ. అందులో నిష్ఠూరం లేదు. నాకు తెలుసనే నమ్మి వచ్చారు. ఆ పెట్టుబడులు ఏ ఏడు ఎంత పెరిగాయో నాకు దశాంశాలతో సహా తెలుసు. నామినీ ఎవరని మాత్రం ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆ డబ్బు ఆవిడ చేతికి రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ తమ్ముడి దగ్గర అప్పు చేసి ఇల్లు నడుపుకున్నారు. ఒక పావుగంట మాట్లాడి నేను తప్పించగలిగిన కష్టం అది.

అప్పట్నుంచీ రెండో సమావేశంలోనే అడిగేదాన్ని. చావుతో మొదలుపెట్టకు. "మీరు నెల రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే ఇంటి బిల్లులు ఎవరు కడతారు? ఏ ఖాతాలోంచి?" అని అడుగు. దీనికి జవాబు చెప్పడానికి ఎవరూ జంకరు. చెబుతూ చెబుతూ సగంలో ఆగి, భార్య వైపో భర్త వైపో చూస్తారు. అక్కడ నువ్వు మాట్లాడకు. నాకు బాగా ఆలస్యంగా అబ్బిన విద్య అది. ఆ మౌనాన్ని పూడ్చాలని ఏదో ఒక పథకం గురించి ఎత్తుకున్నావంటే వాళ్లు హాయిగా దానివైపు తప్పుకుంటారు.

చదువుకున్నవాళ్లు ముందే చూసుకుని ఉంటారులే అనుకోకు. అబ్రహాం లింకన్ స్వయంగా న్యాయవాది, 1865లో వీలునామా లేకుండానే పోయాడు. పికాసో 1973లో 91 ఏళ్ల వయసులో పోయాడు, ఆయనా రాయలేదు. గాయని అరీతా ఫ్రాంక్లిన్ 2018లో చనిపోయాక ఆమె చేతిరాత వీలునామా పత్రాలు దొరికాయి. 2010లో రాసింది తాళం వేసిన బీరువాలో ఉంది, 2014లో రాసింది సోఫా దిండ్ల కింద నోట్‌బుక్కులో ఉంది. ఏది చెల్లుతుందన్నది తేలేసరికి 2023 వచ్చింది. సోఫా కింద దొరికిందే చెల్లింది. ఈ కథ మీ క్లయింట్లకు చెప్పు. అప్పుడు తమ కాగితాలు ఎక్కడున్నాయో వాళ్లే వెతుక్కుంటారు.

వీలునామా భాష లాయరు చూసుకుంటాడు. లాయరు దగ్గరికి వెళ్లేలోపు తేలాల్సినవి నీ బల్ల దగ్గరే తేలాలి. ముందుగా ఎగ్జిక్యూటర్, అంటే వీలునామాలో రాసింది అమలు చేసే మనిషి, ఎవరు? ఆల్ఫ్రెడ్ నోబెల్ 1895 నవంబరు 27న పారిస్‌లో సంతకం చేసిన వీలునామాలో బహుమతులకు డబ్బు రాశాడు గాని, వాటిని నడిపే సంస్థే అప్పటికి లేదు. బంధువులు ఎదురు తిరిగారు. ఆయన పోయేనాటికి 26 ఏళ్లున్న సహాయకుడు రాగ్నార్ సోల్మన్ ఎగ్జిక్యూటర్‌గా పట్టువదలకుండా తిరిగాడు కాబట్టి 1901లో మొదటి బహుమతులు ఇవ్వగలిగారు. పెద్దకొడుకన్న ఒక్క కారణంతో ఎవర్నీ ఎగ్జిక్యూటర్‌గా పెట్టనివ్వకు. ఓపిక ఉన్నవాళ్లా, ఉత్తరాలకు జవాబు రాసేవాళ్లా, అందరితో మాట్లాడగలరా అన్నది చూడమను. వాళ్ల ఒప్పుదల ముందే తీసుకోమను.

సాక్షులుగా ఆస్తి అందుకోబోయేవాళ్లని పెట్టకూడదు. చాలా చట్టాల్లో అలా పెడితే వాళ్ల వాటాకే ముప్పు. నామినీ అన్న మాటకు ఒక్కో దేశపు చట్టంలో ఒక్కో అర్థం. కొన్నిచోట్ల డబ్బు నామినీదే అయిపోతుంది, కొన్నిచోట్ల వారసుల తరఫున తీసుకుని వాళ్లకు అప్పగించాలి. క్లయింటు ఉండే చోట ఏది వర్తిస్తుందో కనుక్కోకుండా ఒక్క ఫారం మీదా సంతకం పెట్టించకు. "పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చేశాంగా" అని ధీమాగా అనేవాళ్లుంటారు. మన తరఫున సంతకాలు చేసే అధికారం అది, ఇచ్చిన మనిషి బతికున్నంతవరకే. పెళ్లి, విడాకులు, పుట్టుక, చావు, వీటిలో ఏది జరిగినా కాగితాలన్నీ మళ్లీ తీయించాలి. కొన్ని దేశాల్లో పెళ్లితోనే పాత వీలునామా రద్దయిపోతుంది.

పంపకం మాటకొస్తే, సమానంగా రాయమని ఎవర్నీ ఒత్తిడి చెయ్యకు. ఒకావిడకి ముగ్గురు పిల్లలు. చివరి ఆరేళ్లూ కనిపెట్టుకుని ఉన్న రెండో అమ్మాయికి ఇల్లు రాశారు. మిగతా ఇద్దరికీ ఎందుకలా రాశారో చెరో ఉత్తరం తన చేత్తో రాసి, కవర్లు నా ఎదుటే అంటించారు. తరవాత పెద్దవాడు ఆ ఉత్తరాన్ని నాకు చూపించాడు. మడతల దగ్గర కాగితం నలిగిపోయింది, ఎన్నిసార్లు చదివాడో. వాళ్లు కోర్టుకు వెళ్లలేదు. తక్కువ వచ్చినందుకంటే, అమ్మ తనను లెక్కచెయ్యలేదని అనుకున్నప్పుడే మనుషులు ఎక్కువగా తెగించి పోట్లాడటం నేను చూశాను. కారణాలు వీలునామాలో కాకుండా విడిగా ఉత్తరంలో రాయించు.

బతికుండగా తీసుకునే నిర్ణయాల గురించీ అడిగావు. మార్కెట్ పడ్డప్పుడు నీకు అసలు పరీక్ష. 2007 అక్టోబరు నుంచి 2009 మార్చిలోపు అమెరికా పెద్ద కంపెనీల షేర్ల తీరు చూపే ఎస్ అండ్ పీ 500 సూచీ సగానికి పైగా పడింది. పాత ఎత్తు దాటడానికి 2013 దాకా పట్టింది. సగం పోయిన డబ్బు మళ్లీ మొదటికి రావాలంటే నూటికి నూరు శాతం పెరగాలి. ఆ లెక్క తెలిసినవాళ్లూ అప్పుడు వణికారు. అంతే మొత్తం లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం పెట్టే బాధ పెద్దదని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. కాబట్టి "భయపడకండి" అని చెప్పి లాభం లేదు. "ఈ డబ్బు మీకు ఎప్పుడు కావాలి?" అని అడుగు. రెండేళ్లలో కావాలంటే అది అసలు అక్కడ ఉండాల్సిందే కాదు, తప్పు మొదట్లోనే జరిగింది. పదిహేనేళ్ల తరవాత అంటే, అమ్మాలన్న కారణాన్ని తేదీ వేసి కాగితం మీద రాసి, ఒక రాత్రి ఆగి రమ్మను. రాసుకుని మర్నాడు వచ్చినవాళ్లలో చాలామంది అమ్మకుండానే వెళ్లారు.

కమీషన్ సంగతి ఒక్క మాట. ఏది కొనిపిస్తే నీకెంత వస్తుందో క్లయింటు అడగకముందే చెప్పు. చెప్పడానికి నోరు రాకపోతే అది కొనిపించకు.

వచ్చే నెల వస్తానన్నావు కదా. వచ్చేటప్పుడు నీ ఖాతాలన్నిటిలో నామినీలు ఎవరో ఒక కాగితం మీద రాసుకుని రా. నీ ఉద్యోగంలో చేరినప్పుడు నింపిన ఫారంలో ఎవరి పేరు రాశావో గుర్తుందా? నాదీ తీసి పెడతాను, పోయిన ఏడాది మార్చిన వీలునామా. ఎగ్జిక్యూటర్‌గా నీ పేరు అనుకుంటున్నాను. ఒప్పుకుంటావో లేదో నీ నోటితో విన్నాకే రాస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ