లాసెట్‌లో మార్కులు పెరగాలంటే తప్పుల ఖాతా తెరవాలి

మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ కోసం లాసెట్ ప్రవేశ పరీక్ష రాసిన మీ తమ్ముడికి 120కి 54 మార్కులే వచ్చాయనీ, ఉద్యోగం చేసుకుంటూ మళ్ళీ రాయాలంటే కోచింగ్‌లో చేరాలా, ఏ పుస్తకాలు కొనాలి అనీ మీరు అడిగారు. నాకు 2020లో 51, మరుసటి ఏడాది 83 వచ్చాయి. ఆ రెండు పరీక్షల మధ్య నేను కొన్నది ఒక్కటే పుస్తకం, అది కూడా పాలకొల్లు బజారులో కొన్న తెల్లకాగితాల ఖాతా పుస్తకం. అందుకే పుస్తకాల జాబితా నా దగ్గర దొరకదు.

అప్పట్లో నేను ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసేదాన్ని. మొదటిసారి పరీక్షకు రెండు గైడ్లు, పన్నెండు నెలల కరెంట్ అఫైర్స్ మాసపత్రికలు ముందేసుకుని, రాత్రి పదకొండు దాకా పసుపు రంగు పెన్నుతో గీతలు గీసుకుంటూ కూర్చునేదాన్ని. చదివినంతసేపూ అంతా తెలిసినట్టే ఉండేది. పరీక్షలో మాత్రం పదిహేడు ప్రశ్నలు ఖాళీగా వదిలేసి వచ్చాను, ఎందుకంటే తప్పు రాస్తే మార్కులు కోస్తారని ఎవరో చెప్పగా నమ్మాను. లాసెట్‌లో అలా కోయడం లేదు. ఆ సంగతి సూచనల పుస్తకంలోనే ఉంటుంది, నేనే చదవలేదు.

ప్రాథమిక కీ, అంటే సరైన జవాబుల జాబితా, దానితోపాటు నేను గుర్తించిన జవాబులు చూపే రెస్పాన్స్ షీట్ విడుదల చేసిన రోజు మిల్లులో పని తక్కువగా ఉండడంతో, పోయిన 69 మార్కులకు జమాఖర్చు రాయడం మొదలుపెట్టాను. పదిహేడు ఖాళీలు. మిగిలిన యాభై రెండు తప్పుల్లో పద్నాలుగు, ప్రశ్నలో "కానిది ఏది", "వర్తించనిది ఏది" అన్న మాటను చూడకుండా గబగబా నొక్కినవి. పంతొమ్మిది, రెండు జవాబుల మధ్య ఊగిసలాడి చివరికి తప్పుదాని వైపు పోయినవి. అసలు విషయమే తెలియక పోయినవి మరో పంతొమ్మిది మాత్రమే. నేను నెలల తరబడి చేసిన చదువంతా ఈ చివరి పంతొమ్మిది కోసమేననీ, మిగిలిన యాభై మార్కుల మీద ఒక్క గంట కూడా పెట్టలేదనీ అప్పుడు తెలిసింది. మీ తమ్ముడి లెక్క కూడా దాదాపు ఇలాగే తేలుతుందని నేను పందెం కట్టగలను.

ఆ ఊగిసలాట ఎక్కడి నుంచి వస్తుందో నాకు బోధపడింది మాత్రం చదువు బల్ల దగ్గర కాదు, నరసాపురంలో ఒక ప్లీడరు గారి అరుగు మీద. 2020 అక్టోబరు 13న వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. ఆ వానలకు మా చేను పక్కన, కౌలు భూమిలో తవ్విన రొయ్యల చెరువు గట్టు తెగి, ఉప్పునీరంతా బోదె దాటి మా ఎకరం ముప్పై సెంట్లలోకి వచ్చేసింది. స్వర్ణ చేను అప్పుడే పొట్ట మీద ఉంది. వాన నీటిలో మునిగిన పక్క చేలు నాలుగు రోజులకు కాస్త తేరుకున్నాయి గానీ, మాది వారం తిరిగేసరికి ఎండుగడ్డి రంగుకు మారింది. చెరువు ఆయన మా నాన్నగారితో, "వానకి తెగిందండీ, దేవుడి మీద దావా వేస్తారేంటండీ" అన్నారు. మా నాన్నగారికి ఆ మాట న్యాయంగానే తోచింది. నాకూ తోచిందని ఒప్పుకోవాలి.

ప్లీడరు గారు అంతా విని, "వానకే తెగిందయ్యా, కాదన్నదెవరు? చెరువు తవ్వింది వానా? ఉప్పునీళ్ళు తెచ్చి అందులో పోసింది వానా?" అని, నా వైపు తిరిగి, "లాసెట్ రాశానన్నావు కదమ్మా, ఇది ఏ సూత్రమో చెప్పు" అన్నారు. నేను నోరు తెరవలేకపోయాను. రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ అన్న పేరు, 1868 అన్న ఏడాది, కఠిన బాధ్యత అన్న మాట, మూడూ నా గైడులో పసుపు గీతల కింద ఉన్నవే.

ఆయన ఆ కేసును గోదావరి భాషలో చెప్పారు. ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని కాంట్రాక్టర్ల చేత నీటి చెరువు తవ్వించుకున్నాడు. కింద పాడుపడిన పాత గని సొరంగాలు ఉన్నాయని ఆయనకు తెలియదు. నీరు వాటిలోంచి దిగి పక్కవాడి గనిని ముంచింది. మిల్లు యజమాని నిర్లక్ష్యం లేకపోయినా, తప్పించుకుంటే హాని చేసే వస్తువును తన భూమి మీదికి తెచ్చి నిలవ చేసినవాడు దాని నష్టాన్ని భరించాల్సిందేనని కోర్టు తేల్చింది. వరి చేల మధ్య ఉప్పునీటి చెరువు భూమిని సహజంగా వాడుకోవడం కిందికి రాదని మనమూ వాదించవచ్చని ప్లీడరు గారన్నారు. దైవఘటన అన్న మినహాయింపు ఉంది గానీ, ఎవరూ ఊహించలేని ఉపద్రవానికే అది వర్తిస్తుందట. "అక్టోబరులో వాయుగుండం వస్తుందని మన డెల్టాలో చంటిపిల్లలకి కూడా తెలుసు, ఆయనకి తెలియదా?" అని ముగించారు. చివరికి దావా దాకా పోలేదు. పెద్దల సమక్షంలో చెరువు ఆయన మా దాళ్వా (రబీ వరి) పెట్టుబడి ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

ఆ రాత్రి ఖాతా పుస్తకంలో ఎడమ పేజీ మీద సూత్రం, కుడి పేజీ మీద అది మా ఊళ్ళో ఎక్కడ కనిపిస్తుందో రాయడం మొదలుపెట్టాను. కఠిన బాధ్యతకూ సంపూర్ణ బాధ్యతకూ తేడా అడిగితే అంతకుముందు నేను తడబడేదాన్ని. ఢిల్లీలో ఓలియం వాయువు లీకైన కేసులో, ప్రమాదకర పరిశ్రమకు ఆ మినహాయింపులేవీ వర్తించవని సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, చెరువు ఆయన అన్న దేవుడి మాటకు అక్కడ చోటే లేదని రాసుకున్నాక మళ్ళీ తడబడలేదు. హక్కుకు భంగం లేని నష్టానికి దావా లేదన్న సూత్రానికి గైడ్లు 1410 నాటి గ్లౌసెస్టర్ పాఠశాల కేసు ఇస్తాయి: పక్కనే మరొక బడి పెట్టడంతో పాత బడి ఫీజులు తగ్గించుకోవలసి వచ్చినా దావా చెల్లలేదు. తాపేశ్వరంలో ఒక కాజా దుకాణం పక్కన మరొక కాజా దుకాణం తెరిచారని ఎవరైనా కోర్టుకు వెళ్ళగలరా అని నేను కుడి పేజీలో రాసుకున్నాను. ఇలా నలభై సూత్రాలు అయ్యాయి. లాసెట్‌లో ఇలాంటి ప్రశ్నలుండే న్యాయశాస్త్ర అభిరుచి విభాగానికి 60 మార్కులు, అంటే మొత్తంలో సగం. కాబట్టి సమయంలో సగం కూడా అక్కడికే వెళ్ళాలి. అయినా చాలామంది జనరల్ నాలెడ్జి బిట్లు బట్టీపడుతూ దీనిని చివరి వారానికి వదిలేస్తారు.

ఇక్కడ ఒక ఫిర్యాదు చెప్పక తప్పదు. తెలుగు మాధ్యమం వారి గైడ్లలో అనువాదం ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగా ఉంటుంది. ఒక పుస్తకంలో కఠిన బాధ్యత అన్నదే మరొక పుస్తకంలో ఖచ్చిత బాధ్యత అవుతుంది. నేను లిటిగేషన్లు చూసే ఇంట్లో పుట్టలేదు, ఆ మాటల వెనక ఉన్నది ఒకటేనని నాకెవరూ చెప్పలేదు. కాబట్టి ప్రతి పారిభాషిక పదానికీ ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలోనైనా పక్కన రాసుకోమనండి, పరీక్షలో ప్రశ్న రెండు భాషల్లోనూ కనిపిస్తుంది కనుక అనుమానం వచ్చినప్పుడు రెండోది ఆదుకుంటుంది. రెండో ఫిర్యాదు పాత గైడ్ల గురించి. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 302 ఇప్పుడు 103, మోసానికి పేరుపడిన 420 ఇప్పుడు 318. సెకండ్‌హ్యాండ్ అంగడిలో చవకగా దొరికిన పుస్తకం ఆ తేదీకి ముందు అచ్చయినదైతే, రాజ్యాంగం అధ్యాయాలు ఉంచుకుని నేర చట్టాల పేజీలు పక్కన పెట్టేయడం మేలు.

వర్తమాన వ్యవహారాలకు ముప్పై మార్కులే. రోజూ ఒక్క దినపత్రిక అరగంట చాలు. వాట్సాప్‌లో తిరిగే వందల పేజీల పీడీఎఫ్‌లు ఎవరు పంపినా తెరవవద్దని నా గట్టి అభిప్రాయం. సమయం విషయంలో, తొంభై నిమిషాలకు 120 ప్రశ్నలంటే ఒక్కోదానికి నలభై ఐదు సెకన్లు. నేను ప్రతి ఆదివారం మిల్లు ఆఫీసులో ఫోను పక్కన పడేసి, పూర్తి నమూనా పరీక్ష రాసి, సోమవారం మళ్ళీ జమాఖర్చు రాసేదాన్ని. "కానిది" తప్పులు ఆరు వారాల్లో పద్నాలుగు నుంచి రెండుకు దిగాయి, అది కూడా ఆ మాట కనిపించగానే రఫ్ కాగితం మీద ఒక అడ్డగీత గీసే అలవాటు వల్లనే. చివరి మూడు నిమిషాలు ఖాళీలన్నీ నింపడానికే ఉంచుకోవాలి. అయితే మీ తమ్ముడు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష అయిన క్లాట్ రాసే ఆలోచనలో ఉంటే ఈ సలహా పనికిరాదు, అక్కడ తప్పుకు పావు మార్కు పోతుంది, ప్రశ్నలన్నీ ఇంగ్లీషు పేరాల మీద ఉంటాయి.

కోచింగ్ సంగతి కూడా అడిగారు. భీమవరంలోనో రాజమండ్రిలోనో చేరితే ఎవరో పాఠం చెబుతారు, కానీ మీ తమ్ముడు "కానిది" చూడకుండా నొక్కిన ప్రశ్నలు ఏవో వాళ్ళకు తెలియవు. ఆ ఫీజుతో వరసగా ఆదివారాలు సెలవు పెట్టించి నమూనా పరీక్షలు రాయించండి. రెస్పాన్స్ షీట్‌ను వెబ్‌సైటులో కొద్ది రోజులే ఉంచుతారు, ఆయన దానిని దించుకుని ఉంటే పోయిన 66 మార్కుల లెక్క ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు.