నాన్నగారి దుకాణం కంప్యూటర్, దూరం నుంచి

ప్రశ్న: ఖమ్మంలో మా నాన్నగారి ఎరువుల దుకాణంలో విండోస్ 11 హోమ్ కంప్యూటర్ ఉంది. హైదరాబాదులో నేను వాడేది ఉబుంటు లినక్స్. రౌటర్‌లో 3389 పోర్టు తెరిస్తే ఇక్కడి నుంచే చూసుకోవచ్చని మిత్రుడు అంటున్నాడు. తెరవమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: దయచేసి తెరవకండి. అది విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు, అంటే దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపేవారు లోపలికి వచ్చే తలుపు. పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు ఆ తలుపే తడుతుంటాయి. పైగా హోమ్ ఎడిషన్ ఆ కనెక్షన్‌ను అసలు స్వీకరించదు.

మీకు దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే రస్ట్‌డెస్క్ అనే ప్రోగ్రాము సరిపోతుంది. ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది, రౌటర్‌ను ముట్టుకోనక్కరలేదు. దుకాణం లెక్కలు ఇతరుల సర్వర్ మీదుగా వెళ్లడం ఇష్టం లేకపోతే, దాని సర్వర్‌నూ సొంతంగా నడుపుకోవచ్చు.

అయితే డౌన్‌లోడ్ చేసిన ఫైలును ఊరికే తెరిచి వాడకండి, ఇన్‌స్టాల్ చేయించండి. మా అమ్మ కంప్యూటర్‌లో నేను ఆ పని చేయలేదు. ఏదో అప్‌డేట్ పెడుతుంటే విండోస్ అనుమతి అడిగింది. ఆ క్షణం నుంచి నా మౌస్‌కు అక్కడ ఏదీ లొంగలేదు. ‘అవును’ అన్న బటన్ ఎక్కడుందో అమ్మకు ఫోనులో వివరించాల్సి వచ్చింది.

రస్ట్‌డెస్క్‌లో పొడవైన శాశ్వత పాస్‌వర్డ్ పెట్టండి. పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ను ఆపేయండి. నిద్రలోకి జారిన కంప్యూటర్ మీ పిలుపుకు పలకదు.