ఎచెవేరియా ఆకుల మీద తెల్ల నూగు తెగులా? తుడిచే ముందు ఒక్కసారి దగ్గరగా చూడండి

మీరు రెండు సంగతులు అడిగారు. కొత్తగా కొన్న ఎచెవేరియా ఆకుల మీద తెల్లగా నూగు ఉంది, అది తెగులా, తుడిచేయాలా అని ఒకటి. రోజుకి ఎన్నిసార్లు నీళ్ళు స్ప్రే చేయాలి అని రెండోది. తుడవకండి. స్ప్రే బాటిల్‌ని ఆ మొక్క దరిదాపులకి కూడా రానివ్వకండి. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో తెలియాలంటే మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

హైదరాబాద్‌లో మాది నాలుగో అంతస్తు, తూర్పు బాల్కనీ. ఏడేళ్ళుగా అక్కడ గులాబీ పువ్వులా ఆకులు పేర్చుకునే సక్యులెంట్లే, అంటే మందపాటి ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్కలే పెంచుతున్నాను. వాటిలో నూగు ఉన్నవంటే నాకు ప్రాణం. నా మొదటి మొక్క ఎచెవేరియా సెటోసా. దాని సొంత ఊరు మెక్సికోలో ప్యూబ్లా, ఒహాకా వైపు. అరచేతిలో పట్టేంత గుత్తి, ఆకుకి రెండు వైపులా తెల్లటి బిరుసు వెంట్రుకలు. పూస్తే ఎరుపు, పసుపు కలిసిన పూలు.

ఒక శ్రావణ మాసంలో అమ్మ వచ్చింది. ఆవిడది కడియం పక్కన పల్లెటూరు, నర్సరీల మధ్యే పుట్టి పెరిగిన మనిషి. మొక్క ముఖం చూసి దానికి ఏం కావాలో చెప్పగలదు. బాల్కనీలోకి అడుగుపెట్టగానే సెటోసా దగ్గర ఆగిపోయింది. "ఏమే, దీనికి పిండినల్లి పట్టేసిందే! మన పెరట్లో మందారానికి పట్టలేదూ, అదే ఇది" అంది. కాదమ్మా, దాని వెంట్రుకలే అలా ఉంటాయని చెప్పి నేను ఆఫీసుకి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి అమ్మ నీళ్ళలో వేపనూనె కలిపి, మెత్తటి గుడ్డ ముంచి ఒక్కో ఆకూ తుడిచేసింది. ఎంతో శ్రద్ధగా, పసిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు తుడిచింది. వెండిలా మెరిసే గుత్తి నూనె ఓడుతూ పచ్చగా, నున్నగా కనిపించింది. నాకు మనసు కలుక్కుమంది. పైగా బయట ముసురు, నాలుగు రోజులుగా ఎండ లేదు. తొమ్మిదో రోజుకి గుత్తి నడిమధ్య నల్లబడి, వేలు పెడితే ఊడి వచ్చేసింది.

ఊడిన ఆకుల్ని పారేయడానికి చేయి రాలేదు. మా తాతగారు గడియారాలు బాగుచేసేవారు. ఆయన కంటికి బిగించుకునే అద్దం నా దగ్గరే ఉంది, పది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఆ రాత్రి లైట్లు ఆర్పేసి, ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి, ఆకు అంచుకి ఆనించినట్టుగా పెట్టి చూశాను. ఈ పక్కనుంచి అన్నది గుర్తుపెట్టుకోండి. ఎదురుగా వెలుతురు వేస్తే వెంట్రుకలు ఆకు రంగులో కలిసిపోయి ఏమీ కనబడవు. పక్కనుంచి వేస్తే ఒక్కొక్కటీ వెలుగుతుంది.

అమ్మ గుడ్డ తగలని ఆకు ఒకటి అడుగున మిగిలింది. దాని మీద వెంట్రుకలు గాజు పుల్లల్లా, దేనికదే విడిగా నిలబడి ఉన్నాయి. అడుగున కాస్త లావుగా, పోను పోను సన్నబడి, చివర కనీ కనిపించనంత మొన. వెలుతురు వాటిలోంచి దూసుకుపోతోంది. తుడిచిన ఆకు మీద అవే వెంట్రుకలు వానకి పడిపోయిన వరిచేనులా ఒకే వైపుకి వాలి, నూనెతో ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటి మధ్య ఇంకా తడి ఉంది. తొమ్మిది రోజుల తర్వాత కూడా!

అసలు సంగతి ఆ తర్వాత కనబడింది. తుడవని ఆకు మొదట్లో, కాండాన్ని పట్టుకునే చోట, చిన్న దూది ఉండ. దూదిలో దారాలు ఒక వరస లేకుండా చుట్టుకుని ఉన్నాయి. కాసేపు చూస్తే దాని కింద గులాబీ రంగు శరీరం, అంచు చుట్టూ మైనపు ఈకలు, మెల్లగా కదిలే కాళ్ళు. పిండినల్లే! అమ్మ చెప్పింది నిజమే. నేను చెప్పిందీ నిజమే. రెండూ తెల్లగా ఉంటాయి కాబట్టి మామూలు కంటికి ఒకటిలా కనబడ్డాయి. అమ్మని పిలిచి ఆ అద్దం చేతికిచ్చాను. చాలాసేపు కన్ను తీయకుండా చూసి, "అయ్యో, ఇదా ఇల్లు, ఇదా దొంగ" అంది. ఆ ముక్క నేను మర్చిపోలేదు.

అందుకే నా మాట ఇది: నూగు ఉన్న మొక్క పెంచేవాళ్ళు కుండీ కొనేముందు అద్దం కొనాలి. గడియారాల షాపు సామాను అమ్మేచోట రెండు మూడు వందలకే దొరుకుతుంది. మరీ ఆసక్తి ఉంటే ఫోల్డ్‌స్కోప్ ఉంది. కాన్పూర్ ఐఐటీలో చదివి స్టాన్‌ఫోర్డ్‌లో పనిచేస్తున్న మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితం మైక్రోస్కోప్, 140 రెట్లు చూపిస్తుంది. ఒక వెంట్రుకని పట్టకారుతో తీసి, పారదర్శకమైన టేపుకి అంటించి అందులో పెట్టాను. గాజు గొట్టంలా ఉంది. పాండా మొక్క అంటారే, మడగాస్కర్ నుంచి వచ్చిన కలాంచో టొమెంటోసా, దాని నూగు మాత్రం వేరు. అక్కడ ఒకే మొదలు నుంచి కొమ్మలు చీలి నక్షత్రంలా పరుచుకుంటాయి. ముట్టుకుంటే పిల్లి చెవిలా ఉండేది అందుకే. ఆల్ప్స్ కొండల సెంపర్‌వివమ్ అరాక్నాయిడియమ్‌కి ఆకు చివర్ల నుంచి దారాలు సాగి, ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి సాలెగూడులా అల్లుకుంటాయి. అది నా దగ్గర ఒక్క మే నెల కూడా దాటలేదు. చలికొండల మొక్కని హైదరాబాద్ ఎండలో పెట్టి బతకమంటే ఎలా బతుకుతుంది?

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. కాలింపాంగ్ చల్లదనంలో పెరిగిన మొక్కల్ని వేసవిలో మన ఊళ్ళకి తెచ్చి, పేరు కూడా రాయకుండా 'సక్యులెంట్' అని అమ్మేస్తున్నారు. కుండీ నిండా కొబ్బరి పొట్టు, పైన జిగురుతో అంటించిన రంగు రాళ్ళు. కొందరైతే మొక్కకే రంగు పూస్తున్నారు. వెలుతురు తాగాల్సిన ఆకుకి పెయింట్ వేయడానికి చేతులెలా వస్తాయో నాకు అర్థం కాదు. మీరు కొన్నదాని పైన రాళ్ళు అంటించి ఉంటే ఈ రోజే పీకేయండి. మట్టి మార్చి, సగానికి పైగా ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలపండి.

ఇక నూగు దేనికి అంటారా. తెల్లటి వెంట్రుక ఎండని కొంత వెనక్కి కొడుతుంది. ఆకుని అంటిపెట్టుకుని కదలని గాలి పొర ఒకటి నిలబెడుతుంది, దాంతో నీరు ఆవిరయ్యేది తగ్గుతుంది. చిన్న పురుగులు నడవడానికి అడ్డం పడుతుంది. ఈ మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తాయి. ఇవన్నీ క్రాసులేసీ కుటుంబానివి, అందులో గమనించారు కాబట్టే ఈ పద్ధతికి ఆ కుటుంబం పేరే పెట్టారు. స్ప్రే చేస్తే మొక్క నూగుతో నీళ్ళు తాగుతుందని వీడియోల్లో చెబుతుంటారు. నా సెటోసా పిలకల్లో రెండింటిని పక్కపక్కనే పెట్టి, ఒకదానికి నెల రోజులు పొద్దున్నే స్ప్రే చేశాను, రెండోదానికి మట్టి పూర్తిగా ఎండాకే మొక్క మొదట్లో నీళ్ళు పోశాను. స్ప్రే చేసినదాని నూగు గుంపులు గుంపులుగా అతుక్కుని, అడుగు ఆకులు మెత్తబడ్డాయి. రెండోది ఇప్పటికి పిల్లల్ని పెట్టింది. నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇంకో తెలుపు కూడా ఉంది, దాన్నీ నూగు అనుకోకండి. ఎచెవేరియా లౌయి లాంటి వాటి మీద ఉండేది మైనపు పొడి. వేలు తగిలితే ఆ ముద్ర పడిపోతుంది, ఆ ఆకు మీద మళ్ళీ ముందులా రాదు. నూగైనా పొడైనా చేయి పెట్టకపోవడమే మంచిది. దుమ్ము పడితే తడి లేని మెత్తటి బ్రష్‌తో ఊదినంత తేలిగ్గా అనండి, చాలు.

ఈ రాత్రి లైటు ఆర్పి, టార్చ్ పక్కనుంచి పెట్టి మీ మొక్కని చూడండి. ఆకు నడుమ మీద కంటే ఆకు మొదట్లో, గుత్తి సందుల్లో ఎక్కువసేపు వెతకండి. తెల్లనివి విడివిడిగా, నిటారుగా నిలబడి ఉంటే అవి దాని వెంట్రుకలు, వాటి జోలికి పోకండి. ముద్దగా, చిక్కుపడిన దూదిలా ఉంటే పిండినల్లి. సన్నటి బ్రష్ కొసని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి, చుట్టూ ఉన్న నూగు తడవకుండా ఆ ముద్దకి మాత్రమే తాకించండి. కుండీని వారం పాటు మిగతా వాటికి దూరంగా ఉంచి, మళ్ళీ అదే చోట చూడండి. ఒకటి కనబడిందంటే రెండోది ఆ అడుగు ఆకుల కిందే ఉంటుంది.