అప్పే చేయనివాడికి అప్పెందుకు పుట్టదు?

ప్రశ్న: నా వయసు 23. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. ఇంతవరకు ఎక్కడా అప్పు చేయలేదు. పోయిన వారం మూడు క్రెడిట్ కార్డులకు అప్లై చేస్తే క్రెడిట్ హిస్టరీ లేదని ముగ్గురూ కాదన్నారు. కార్డే ఇవ్వకపోతే హిస్టరీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

జవాబు: ఈత వచ్చాకే నీళ్లలోకి దిగమన్నట్టుంది కదా! అయితే అప్పు చేయకపోవడం వేరు, చేసి తీర్చడం వేరు. రెండోది మీరు చేయగలరని చెప్పే ఆధారం బ్యాంకు దగ్గర ఒక్కటీ లేదు.

ముందు ఆ దరఖాస్తులు ఆపండి. ప్రతిదీ మీ క్రెడిట్ రిపోర్టులో, అంటే మీ అప్పులు, చెల్లింపుల చిట్టాలో, ఎంక్వైరీగా (అప్పు అడిగినట్టుగా) నమోదవుతుంది, వారంలో మూడు కనిపిస్తే డబ్బుకి బాగా కటకటగా ఉన్నాడేమో అనుకుంటారు. (మీ రిపోర్టు మీరే చూసుకుంటే మాత్రం స్కోరు, అంటే ఆ రిపోర్టుని బట్టి మీకు పడే మార్కు, తగ్గదు.) డిపాజిట్ హామీగా పెట్టుకుని ఇచ్చే సెక్యూర్డ్ కార్డు ఒకటి తీసుకోండి. చెల్లింపుల వివరాలు క్రెడిట్ బ్యూరోకి (ఆ రిపోర్టులు తయారుచేసే సంస్థకి) పంపుతారా అని ముందే అడగండి, పంపకపోతే ఆ కార్డుతో మీకు పనిలేదు. డెబిట్ కార్డు ఎంత గీకినా ఇందులో లెక్కకు రాదు.

అమెరికాలో ఎక్కువగా వాడే ఫైకో స్కోరునే తీసుకుంటే, అందులో 35 శాతం బరువు సమయానికి కట్టారా లేదా అన్నదానిదే, 30 శాతం ఎంత బాకీ ఉన్నారన్నదానిది. అందుకే కార్డు మీద నెలనెలా వచ్చే ఫోన్ బిల్లు లాంటిది ఒక్కటి పెట్టి, మొత్తం బాకీకి ఆటోపే పెట్టేయండి. మొత్తం బాకీ అని ఎందుకంటున్నానంటే, స్టేట్‌మెంట్‌లో దాని పక్కనే కనీస చెల్లింపు అని ఇంకో అంకె ఉంటుంది, చిన్నగా, ఊరించేలా. అది కడితే ఆలస్యం కింద రాదు నిజమే, కానీ మిగిలినదాని మీద వడ్డీ మొదలవుతుంది, చాలా కార్డుల్లో కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు పోతుంది. కొంత బాకీ ఉంచి వడ్డీ కడితేనే స్కోరు పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నేనే ఓసారి ఇల్లు మారే హడావిడిలో చిన్న బిల్లొకటి రెండు నెలలు మర్చిపోయాను. కట్టేసినా ఆ మచ్చ ఏళ్ల తరబడి రిపోర్టులో ఉండిపోయింది.

ఇంకో మెలిక ఉంది. బ్యూరోకి సాధారణంగా వెళ్లేది స్టేట్‌మెంట్ తేదీ నాటి బాకీ. పరిమితి 100 అయితే, 80 వాడి గడువులోపు పూర్తిగా కట్టేసినా రిపోర్టులో 80 అనే కనిపించవచ్చు. కాబట్టి ఎక్కువ వాడిన నెలలో స్టేట్‌మెంట్ రాకముందే కొంత కట్టి 30 లోపుకి తెచ్చేయండి, 10 లోపైతే మరీ మంచిది.

స్నేహితుడి లోనుకి హామీ సంతకం మాత్రం ఇప్పుడే వద్దు, అతను ఎగ్గొడితే ఆ భారం మీ మీద పడుతుంది. ఫైకో స్కోరు రావడానికే కనీసం ఆరు నెలల వయసున్న ఖాతా ఒకటి ఉండాలి. ఆ ఆరు నెలలు గడిచాక మామూలు కార్డుకి అప్లై చేయండి, ఈసారి ఒక్కచోటే. అది వచ్చిందని పాతదాన్ని వెంటనే మూసేయకండి, ఏటా ఫీజు లేకపోతే అలా ఉండనివ్వండి.