డేట్‌కి ముందు పట్టని నిద్ర, డేట్ వెళ్లినా వదలని నీరసం

డేట్‌కి, అంటే నెలసరికి, వారం ముందు నుంచి అర్ధరాత్రి మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ కునుకు పట్టట్లేదు. డేట్ వచ్చి వెళ్లాక నిద్ర బాగానే ఉంటోంది కానీ నీరసం మాత్రం తగ్గట్లేదు, ఇదంతా హార్మోన్ల వల్లేనా అని మీరు అడిగారు. నిద్ర సంగతి చాలావరకు హార్మోన్లదే అయ్యుండొచ్చు. నీరసం సంగతే నాకు అనుమానంగా ఉంది. దయచేసి ఈ రెంటినీ ఒకే గాటన కట్టేయకండి.

నేను గుంటూరులో స్టాఫ్ నర్సుని, డాక్టర్ని కాను. షిఫ్టుల్లో పని కాబట్టి ఏ రోజుల్లో నిద్ర వస్తుందో, ఏ రోజుల్లో రాదో చూసుకోక తప్పదు మాకు. పైగా మీరు చెప్పిన రెండు బాధలూ పడ్డదాన్ని.

ముందు నిద్ర గురించి. పొద్దుగూకాక మన ఒంటి వేడి కొద్దికొద్దిగా తగ్గుతుంది, ఆ తగ్గుదలతోనే నిద్ర ముంచుకొస్తుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. దానివల్ల ఒంటి వేడి సెల్సియస్‌లో 0.3 నుంచి 0.5 డిగ్రీల దాకా పెరిగి, డేట్ దగ్గరపడేవరకు అలాగే ఉంటుంది. రాత్రి తగ్గాల్సినంత తగ్గదు. ఇది చదువుకున్న విషయమే అయినా, ఒక నెల సరదాకి రోజూ మెలకువ రాగానే, మంచం దిగకముందే థర్మామీటర్ నాలుక కింద పెట్టుకుని చూశాను. మొదటి సగంలో 97.3, 97.4 ఫారెన్‌హీట్ చూపించినది కాస్తా రెండో సగంలో 98 దాటింది. జ్వరం కాదు, చేయి వేసి చూస్తే ఎవరికీ తెలియదు. కానీ మే నెలలో, పై అంతస్తులో, పగలంతా కాగిన స్లాబు రాత్రి సెగలు కక్కుతుంటే ఆ కాస్త తేడా ఏం చేస్తుందో దాని కింద పడుకున్నవాళ్లకే తెలుస్తుంది.

ప్రొజెస్టెరాన్ ఇంకో పని కూడా చేస్తుంది. ఒంట్లో అది అల్లోప్రెగ్ననొలోన్ అనే పదార్థంగా మారుతుంది, అది మెదడుని శాంతపరిచే రకం. అందుకే కొందరికి నెల సగం దాటాక పగలు కూడా మత్తుగా ఉంటుంది. డేట్‌కి ముందు కొద్ది రోజుల్లో ఇది చకచకా పడిపోతుంది. జోకొట్టే చేయి తీసేయగానే పిల్లాడు లేచి కూర్చున్నట్టు, సరిగ్గా అప్పుడే మనకి మెలకువలు మొదలవుతాయి. అందరికీ ఇలా జరగాలని లేదు. మా వార్డులోనే డేట్ వస్తున్నట్టు కూడా తెలియనివాళ్లున్నారు, అదృష్టవంతులు.

లెక్క విషయంలో ఒక మాట. పద్నాలుగో రోజున అండం విడుదలవుతుందని అందరూ చెప్తారు కానీ అది 28 రోజుల సైకిల్ ఉన్నవాళ్ల లెక్క. 21 నుంచి 35 రోజుల దాకా మామూలే. మీది 35 రోజులదైతే విడుదల ఇరవై ఒకటో రోజు ప్రాంతంలో ఉంటుంది. కాబట్టి రాబోయే డేట్ నుంచి పద్నాలుగు రోజులు వెనక్కి లెక్కపెట్టుకోండి. మొబైల్ యాప్‌లు చూపించేది కూడా అంచనాయే.

నాకు పనికొచ్చినవి పెద్ద విద్యలేం కావు. ఆ వారంలో పడుకోవడానికి గంట ముందు గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేస్తాను. చన్నీళ్లకంటే ఇదే మేలు, చర్మానికి రక్తం పారి లోపలి వేడి బయటికి పోతుంది. సాయంత్రం కాఫీ ఆ రోజుల్లో మానేస్తాను. అయిదింటికి తాగిన కాఫీలో ఇంచుమించు సగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది మరి. రోస్టర్ వేసేటప్పుడు నైట్ డ్యూటీలు ఆ వారంలో పడకుండా తోటి సిస్టర్లతో మార్చుకుంటాను. పగటి నిద్ర ఎలాగూ కలత నిద్రే, దానికి ఇది కూడా తోడైతే మూడో రాత్రికి మందు డోసు ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సి వస్తుంది. మా అమ్మ సబ్జా నీళ్లు ఇచ్చేది. వాటితో థర్మామీటర్ దిగదు కానీ తాగితే హాయిగానే ఉంటుంది, వద్దనను.

మొదటి రెండు రోజుల్లో నిద్ర చెడగొట్టేది నొప్పి. గర్భాశయంలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు దాన్ని పిండుతాయి, కొందరికి విరేచనాలు కూడా వాటివల్లే. మెఫెనమిక్ యాసిడ్ లాంటి బిళ్ల పనిచేసేది వాటిమీదే కాబట్టి, నొప్పి మొదలవగానే తిన్నాక వేసుకుంటేనే ఫలితం బాగుంటుంది. ముదిరేదాకా పళ్లు బిగపట్టుకుని ఓర్చుకోవడంలో గొప్పేమీ లేదు. ఉబ్బసం, అల్సర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. బిళ్ల వాడాక ఒంటిమీద దద్దుర్లు, జ్వరం వస్తే వెంటనే ఆపి చూపించుకోవాలి. దీని గురించి 2023లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక కూడా ఇచ్చింది.

ఇక నీరసం. హార్మోన్ల వల్ల వచ్చిన మందకొడితనమైతే బ్లీడింగ్ మొదలైన రెండు మూడు రోజులకి విడిపోవాలి. ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోన్ మళ్లీ పెరుగుతూ వచ్చే ఆ తర్వాతి వారం చాలామందికి నెలలో హుషారైన రోజులు. మీకు ఆ వారంలో కూడా ఒళ్లు లేవట్లేదంటే ఐరన్ సంగతి చూడాల్సిందే. నాకు అప్పట్లో రెండో అంతస్తు మెట్లకే ఆయాసం వచ్చేది. రాత్రి పడుకోగానే కాళ్లు పీకేవి, ఆడిస్తే తప్ప ఊరుకునేవి కావు. ఇంకో విచిత్రం, అన్నానికి ఎసరు పెడుతూ డబ్బాలోంచి పిడికెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకుని నమిలేదాన్ని. మా అత్తగారు అది చూసి, "రక్తం తక్కువైతే బియ్యం మీదకి పోతుందమ్మా మనసు" అన్నారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. అంతకుముందు ఒక డాక్టరమ్మ "ఆడవాళ్లకి ఇవన్నీ మామూలే" అని బి కాంప్లెక్స్ రాసి పంపించేసింది, ఆ కోపం ఇప్పటికీ ఉంది నాకు.

మామూలే అనిపించడానికి కారణం చుట్టూ అందరూ అలాగే ఉండటం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తంమీద 57 శాతానికి రక్తహీనత ఉంది. ఆంధ్రలో 58.8, తెలంగాణలో 57.6. గర్భవతులు కానివాళ్లకి హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. నాకు 11.6 ఉంది, కాగితం మీద చూస్తే ఏముందిలే అనిపించే అంకె. ఐరన్ నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే 8 వచ్చింది. ఫెరిటిన్ 15 కంటే తగ్గిందంటే ఒంట్లో ఐరన్ నిల్వలు ఖాళీ అయినట్టే.

అంత ఖాళీ అయ్యాక ఖర్జూరం, బీట్‌రూట్ జ్యూస్, పల్లీ చిక్కీలతో నిండదండీ. తినండి, కానీ బిళ్ల వాడాల్సిందే. నాకు రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. కడుపులో తిప్పడం తగ్గింది, ఐరన్ కూడా బాగానే పట్టింది. టీ, కాఫీ, పాలు, కాల్షియం బిళ్ల, వీటికి ఐరన్ బిళ్లకి మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసంతో అయితే మంచిది. విరేచనం నల్లగా అవుతుంది, కంగారుపడొద్దు. హిమోగ్లోబిన్ సరిపోయిందని మధ్యలో మానేస్తే నిల్వలు నిండవు, తర్వాత ఇంకో మూడు నెలల దాకా వాడమంటారు.

అసలు రక్తం ఎందుకు పోతోందో కూడా చూడాలి. గంటా రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాల్సి రావడం, పెద్ద రక్తపు గడ్డలు పడటం, వారం దాటినా ఆగకపోవడం ఉంటే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. గర్భాశయంలో ఫైబ్రాయిడ్లనే కణితులు ఉండొచ్చు, థైరాయిడ్ తగ్గినా బ్లీడింగ్ ఎక్కువవుతుంది, నీరసం కూడా వస్తుంది. పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా వల్ల వచ్చే సమస్య) ఉండి గట్టిగా గురక పెడుతుంటే ఆ మాట కూడా చెప్పండి, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉందేమో చూస్తారు. డేట్‌కి ముందు రోజుల్లో బతకాలనే అనిపించనంత దిగులు వస్తుంటే మాత్రం డేట్ వచ్చాక పోతుందిలే అని ఆగకుండా ఆ రోజే ఇంట్లో ఎవరికైనా చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, దానికి మంచి చికిత్స ఉంది.

ల్యాబ్‌కి వెళ్లినప్పుడు సీబీపీ (రక్తకణాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష)లతో పాటు ఫెరిటిన్ అని పేరు పెట్టి అడగండి. సీబీపీలో అది రాదు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మాత్రం ఇవ్వకండి, అప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.